వెళ్ళిన మనసు, తిరిగొచ్చిన మనసు

అంట్లు తోముతున్నారో, ఆఫీసులో లెక్కలు చూస్తున్నారో, బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడ్డారో, ఫోను మోగుతుంది. తెర మీద ప్రశ్నలు. ఇప్పుడు మీకు ఎలా ఉంది, సున్నా నుంచి వంద లోపు ఒక అంకె వెయ్యండి. ఏం చేస్తున్నారు? చేస్తున్న పని గురించి కాక ఇంకేదైనా ఆలోచిస్తున్నారా? ఆలోచిస్తుంటే అది హాయినిచ్చేదా, బాధపెట్టేదా, రెండూ కానిదా? జవాబులు నొక్కేస్తే అయిపోయింది. మళ్ళీ ఎప్పుడు మోగుతుందో తెలియదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మాథ్యూ కిలింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఐఫోన్‌లో నడిచే ఇలాంటి ఏర్పాటు ఒకటి చేసి, 2,250 మంది పెద్దవాళ్ళ జవాబులు పోగుచేశారు. 2010లో 'సైన్స్' పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. అడిగిన నూరుసార్లలో దాదాపు 47 సార్లు మనసు చేస్తున్న పని దగ్గర లేదు.

ఇందులో నన్ను పట్టి నిలిపింది ఆ 47 కాదు, దాని వెనకాల ఉన్న ఇంకో లెక్క. ఏ గంటలో ఎంత సంతోషంగా ఉన్నామన్నది మనం ఏ పని చేస్తున్నామన్నదాని మీద ఆధారపడుతుందని అందరం అనుకుంటాం. అందుకే సెలవు రోజు కోసం, ప్రయాణం కోసం ఎదురుచూస్తాం. కానీ ఒకే మనిషి సంతోషంలో వచ్చే హెచ్చుతగ్గుల్లో చేస్తున్న పనికి చెందిన వాటా 4.6 శాతమే. మనసు అక్కడ ఉందా లేదా అన్నదాని వాటా 10.8 శాతం. హాయైన ఊహల్లో తేలుతున్నప్పుడు కూడా మనుషులు పని మీద ధ్యాస ఉన్నప్పటికంటే ఎక్కువ సంతోషంగా ఏమీ లేరు. మామూలు ఆలోచనల్లో ఉన్నప్పుడు కాస్త తక్కువగా, బాధపెట్టే ఆలోచనల్లో ఉన్నప్పుడు బాగా తక్కువగా ఉన్నారు. దిగులుగా ఉండబట్టి మనసు పారిపోయిందేమో అని అనుమానం రావచ్చు. ఏది ముందు, ఏది తర్వాత అని కాలక్రమం కూడా చూశారు. ఎక్కువగా పరధ్యానమే ముందు వచ్చింది, దిగులు దాని వెనకాల వచ్చింది.

మనసు ఎందుకిలా పోతుంది? దీనికి మెదడు శాస్త్రం చెప్పే జవాబు 2001 ప్రాంతంలో రూపు కట్టింది. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మార్కస్ రైకల్ బృందం మెదడు చిత్రాలు తీస్తూ ఒక వింత గమనించింది. మనిషికి ఏదైనా పని అప్పగిస్తే మెదడులో కొన్ని చోట్ల చురుకుదనం పెరగడం మామూలే. కొన్ని చోట్ల మాత్రం తగ్గుతోంది. పని ఆపి ఊరికే పడుకోమంటే అవే చోట్లు మళ్ళీ పుంజుకుంటున్నాయి. నుదుటి వెనక నడిమి భాగం, మెదడు వెనక వైపు లోతుగా ఉండే సింగ్యులేట్ భాగం, వాటితో కలిసి పనిచేసే మరికొన్ని. ఈ అల్లికకు 'డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్' అని పేరు స్థిరపడింది. శరీరం బరువులో మెదడు 2 శాతమే అయినా శక్తిలో ఐదో వంతు అదే తింటుంది. మనం చేతులు కట్టుకుని కూర్చున్నంత మాత్రాన ఆ ఖర్చు పెద్దగా తగ్గదు. పని లేనప్పుడు మెదడు పడుకోదు. తన సొంత పని మొదలుపెడుతుంది.

ఆ సొంత పని చాలావరకు 'నేను' చుట్టూ తిరిగేదే. నిన్న ఆవిడ అలా ఎందుకు అంది, రేపు వాయిదా ఎలా కట్టాలి, అప్పుడు ఆ మాట అనకుండా ఉంటే బావుండేది, పిల్లవాడికి సీటు రాకపోతే. జ్ఞాపకం, ఊహ, ఎదుటివాళ్ళ మనసులో మన గురించి ఏముందో అన్న అంచనా, అన్నీ ఒకే వంటింట్లో తయారవుతాయి. దీన్ని శత్రువుగా చూపించే పుస్తకాలు చాలా ఉన్నాయి. వాటితో నేను ఏకీభవించను. రేపటి గురించి ఊహించలేనివాడు విత్తనాలు దాచుకోలేడు, కథ చెప్పలేడు, చేసిన తప్పుకు క్షమాపణ అడగలేడు. మనసు తిరగడం తప్పు కాదు. తిరుగుతోందని మనకు తెలియకపోవడమే చిక్కు. మనసు వెళ్ళింది ఉత్త జ్ఞాపకంలోకే. కానీ వెళ్ళిన చోట జరుగుతున్నదంతా ఇప్పుడే, నిజంగా జరుగుతున్నట్టు గుండె దడదడా కొట్టుకుంటుంది, దవడ బిగుసుకుంటుంది, కడుపులో మంట లేస్తుంది. ఎప్పుడో అయిపోయిన గొడవకు శరీరం ఇవాళ మళ్ళీ మూల్యం చెల్లిస్తుంది.

అయితే ఊరికే కూర్చోబెడితే మనసు కుదుటపడుతుందా? పడదు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో తిమోతీ విల్సన్ బృందం 2014లో ఇది చూపించింది. ఫోను లేదు, పుస్తకం లేదు, ఖాళీ గదిలో 15 నిమిషాలు మీ ఆలోచనలతో మీరు ఉండండి అన్నారు. కావాలంటే ఒక మీట నొక్కి చిన్న విద్యుత్ షాక్ ఇచ్చుకోవచ్చు. అందరూ ముందే ఆ షాక్ రుచి చూసినవాళ్ళే, అది మళ్ళీ తగలకుండా ఉంటే డబ్బు ఇచ్చుకుంటామని చెప్పినవాళ్ళే. అయినా 18 మంది మగవాళ్ళలో 12 మంది, 24 మంది ఆడవాళ్ళలో 6 మంది ఆ పావుగంటలో కనీసం ఒక్కసారైనా మీట నొక్కారు. కళ్ళు మూసుకుని కూర్చుంటే ప్రశాంతత దానంతట అదే దిగివస్తుందని నమ్మి, రాకపోయేసరికి 'ధ్యానం నా వల్ల కాదు' అని లేచిపోయేవాళ్ళు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. వాళ్ళ మనసులో లోపమేమీ లేదు. ఊరికే కూర్చోవడం వేరు, ధ్యానం వేరు.

ఆ తేడా ఏమిటో పట్టుకోవాలని శాస్త్రజ్ఞులు మన దేశంలోనే చాలాకాలం క్రితం ప్రయత్నించారు. 1961లో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో బి.కె. ఆనంద్, జి.ఎస్. ఛీనా, బల్‌దేవ్ సింగ్ యోగుల తలకు తీగలు తగిలించి మెదడు తరంగాలు గీయించారు. మామూలు మనిషి కళ్ళు మూసుకుని విశ్రాంతిగా ఉన్నప్పుడు ఆల్ఫా అనే నెమ్మది తరంగాలు కనిపిస్తాయి. చప్పుడు చేస్తే, వెలుతురు వేస్తే అవి చెదిరిపోతాయి. సమాధిలో ఉన్న యోగుల ముందు దీపం వెలిగించినా, పెద్ద శబ్దం చేసినా, వేడి గాజు గొట్టం తాకించినా ఆల్ఫా చెదరలేదని వాళ్ళు రాశారు. ఇద్దరు యోగులు 4 డిగ్రీల చన్నీళ్ళలో ముప్పావుగంటకు పైగా చెయ్యి పెట్టి ఉంచినా తరంగాలు కదలలేదట. లోకం తలుపు మూసుకుందన్నమాట.

ఐదేళ్ళకు జపాన్‌లో అకిరా కసమత్సు, తొమియో హిరాయ్ జెన్ సాధకుల మీద చేసిన పరీక్ష దీనికి సరిగ్గా ఎదురు ఫలితం ఇచ్చింది. 'టిక్' అని ఒకే శబ్దం, కాస్త విరామంతో మళ్ళీ మళ్ళీ వినిపించారు. మామూలువాళ్ళ మెదడు మూడు నాలుగు శబ్దాలకే అలవాటుపడి పట్టించుకోవడం మానేసింది. జెన్ గురువుల మెదడు మాత్రం చివరి శబ్దానికి కూడా మొదటిసారి విన్నట్టే స్పందించి, రెండు మూడు సెకన్లలో మళ్ళీ నెమ్మదించింది. ఒక దారిలో లోకం వినిపించడం మానేసింది, ఇంకో దారిలో ప్రతి శబ్దమూ కొత్తగా వినిపించింది. ఎంత అందమైన జంట ఫలితం! ధ్యానం మీద వచ్చిన చాలా పుస్తకాలు దశాబ్దాల పాటు దీన్ని చెప్పుకుంటూ వచ్చాయి. కానీ 1981లో డేవిడ్ బెకర్, డేవిడ్ షపీరో యోగ, జెన్, అతీంద్రియ ధ్యాన సాధకులనూ, ధ్యానం తెలియనివాళ్ళనూ ఒకే గదిలో ఒకే పద్ధతిలో పరీక్షిస్తే ఆ తేడాలు కనబడలేదు. పాత పరీక్షల్లో మనుషులు చాలా కొద్దిమంది, పోల్చి చూసే ఏర్పాటు బలహీనం. ఎవరూ అబద్ధం చెప్పలేదు. కానీ అందంగా ఉన్నంత మాత్రాన ఫలితం నిలబడదు. ఈ అధ్యాయంలో ముందు ముందు వచ్చే అంకెలను కూడా ఈ కన్నుతోనే చదవండి.

నా దృష్టిలో ధ్యానం గుట్టు విప్పిన పరీక్ష ఇంకొకటి ఉంది. దానికంత పేరు రాలేదు. అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో వెండీ హాసెన్‌క్యాంప్ 14 మంది అనుభవమున్న సాధకులను ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టింది. ఊపిరి మీద ధ్యాస పెట్టమంది. ధ్యాస తప్పిపోయిందని ఎప్పుడు గ్రహిస్తే అప్పుడు ఒక మీట నొక్కి, మళ్ళీ ఊపిరి దగ్గరికి రమ్మంది. అంతే. 2012లో అచ్చయిన ఈ పని అంతకుముందు ఎవరూ అంత స్పష్టంగా చూడని ఒక చక్రాన్ని చూపించింది. మీట నొక్కడానికి ముందు కొన్ని సెకన్లు డిఫాల్ట్ మోడ్ ప్రాంతాలు చురుగ్గా ఉన్నాయి, అంటే మనసు షికారులో ఉంది. 'అరె, పోయాను' అని తెలిసిన క్షణాన ఇన్సులా వంటి భాగాలు మేల్కొన్నాయి. ఒంట్లో, చుట్టూ ఏది ముఖ్యమో పసిగట్టే విభాగమది. ఆ తర్వాత నుదుటి వెనక పక్కభాగాలు పనిలోకి దిగి ధ్యాసను మళ్ళించాయి. ఆపైన కాసేపు ధ్యాస నిలిచింది. మళ్ళీ పోయింది. గమనించండి, వీళ్ళు ఎన్నో ఏళ్ళుగా సాధన చేస్తున్నవాళ్ళు. వాళ్ళ మనసూ పోతూనే ఉంది.

కూర్చున్న అరగంటలో మనసు యాభైసార్లు పోతే అది యాభైసార్లు విఫలమైన ధ్యానం కాదు. పోయిందని యాభైసార్లు తెలుసుకుని, యాభైసార్లు తిరిగి వచ్చిన సాధన. వ్యాయామం జరిగేది నిలకడగా ఉన్న నిమిషాల్లో కంటే ఆ గుర్తించిన క్షణంలోనే ఎక్కువ. తిరిగి వచ్చే తీరు కూడా ముఖ్యం. గడప దాటిన చంటిపిల్లను వీపు మీద ఒకటి వెయ్యకుండా, చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చినట్టు తేవాలి. 'ఛీ, మళ్ళీ పోయింది' అని తిట్టుకుంటే ఆ తిట్టే కొత్త ఆలోచన అవుతుంది, దాని వెంట ఇంకో పది నిమిషాలు పోతాయి. 2011లో యేల్ విశ్వవిద్యాలయంలో జడ్సన్ బ్రూవర్ బృందం అనుభవజ్ఞులైన సాధకులనూ కొత్తవాళ్ళనూ పోల్చి చూసింది. ఊపిరిని గమనించినా, మైత్రీ భావన చేసినా, ఏదీ ఎంచుకోకుండా వచ్చినదాన్ని వచ్చినట్టు చూసినా, మూడింటిలోనూ అనుభవజ్ఞుల డిఫాల్ట్ మోడ్‌లోని ముఖ్యభాగాలు తక్కువ చురుగ్గా ఉన్నాయి.

ఊపిరినే ఎందుకు పట్టుకోమంటారు? చేతిలో ఎప్పుడూ ఉండేది అదొక్కటే అన్నది ఒక కారణం. లోపలి కారణం శరీర నిర్మాణంలో ఉంది. గుండె కొట్టుకోవడం, అన్నం అరగడం మన మాట వినవు. ఊపిరి మాత్రం మనం పట్టించుకోకపోయినా నడుస్తుంది, పట్టించుకుంటే మన మాటా వింటుంది. లోపలికి పీల్చినప్పుడు గుండె వేగం కాస్త పెరుగుతుంది, వదిలినప్పుడు వేగస్ నాడి కళ్ళెం బిగించి తగ్గిస్తుంది. మణికట్టు మీద వేలు పెట్టి నిదానంగా ఊపిరి తీస్తే మీకే తెలుస్తుంది. ఇటలీ వైద్యుడు లూచియానో బెర్నార్డి 23 మంది చేత లాటిన్ జపమాల ప్రార్థన, 'ఓం మణిపద్మే హుం' మంత్రం చదివించి చూశాడు. రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి ఆరింటి దగ్గరికి దిగింది. ఆ లయలో రక్తపోటును సరిదిద్దే వ్యవస్థ మరింత చురుగ్గా పనిచేసింది. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇది వచ్చింది. స్తోత్రం చదివే మన ఇళ్ళలోనూ పాదం పాదానికీ ఊపిరి పొడుగ్గా బయటికి వెళుతూనే ఉంటుంది. బెర్నార్డి పరీక్ష వచ్చిన పదహారేళ్ళ తర్వాత అమెరికాలో కెవిన్ యాకిల్, జాక్ ఫెల్డ్‌మన్ తదితరులు ఎలుకల మెదడు కాండంలో ఊపిరి లయను పుట్టించే చోట ఒక చిన్న కణాల గుంపును కనుగొన్నారు. ఊపిరి నడకను మెలకువ పుట్టించే కేంద్రానికి చేరవేయడం దాని పని. ఆ గుంపును తీసేస్తే ఎలుకలు మామూలుగానే ఊపిరి తీశాయి, కానీ కొత్త చోట ఉరుకులు మాని నింపాదిగా ఒళ్ళు శుభ్రం చేసుకుంటూ కూర్చున్నాయి.

ఇక నొప్పి సంగతి. బౌద్ధ సూత్రాల్లో రెండు బాణాల ఉపమానం ఉంది. ఒంటికి తగిలిన దెబ్బ మొదటి బాణం, దాని గురించి మనసు పడే విలాపం రెండోది. 2011లో ఫాడెల్ జైడాన్ 15 మందికి రోజుకు 20 నిమిషాల చొప్పున నాలుగు రోజులు ఊపిరి మీద ధ్యాస నేర్పి, పిక్క మీద 49 డిగ్రీల వేడి తగిలించి కొలిచాడు. ధ్యానంలో ఉండగా నొప్పి ఎంత ఉందన్న అంకె 40 శాతం తగ్గింది. అది ఎంత భరించరానిదిగా ఉందన్న అంకె 57 శాతం తగ్గింది. మొదటి బాణం కంటే రెండోదే ఎక్కువగా వదిలిందన్నమాట. పరీక్షకు వచ్చినవాళ్ళు కొద్దిమందే, తగిలించింది ప్రమాదం లేని వేడి. నెలల తరబడి మోకాళ్ళ నొప్పితో నడిచే మనిషికి దీన్ని నేరుగా అన్వయించకూడదు.

అలాంటి మనుషుల కోసమే జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో ఒక శిక్షణ మొదలుపెట్టాడు. ఆయన అణుజీవశాస్త్రంలో డాక్టరేట్ ఉన్నవాడు, జెన్, విపశ్యన సాధన చేసినవాడు. వైద్యులు ఇక చేయగలిగింది లేదన్న దీర్ఘకాలపు నొప్పుల రోగులను తన దగ్గరికి పంపమన్నాడు. ఒక ఎండుద్రాక్షను అరచేతిలో పెట్టుకుని ముడతలు చూసి, వాసన చూసి, నెమ్మదిగా నమిలి తినడం మొదటి పాఠం. ఆ తర్వాత పాదం వేళ్ళ నుంచి నడినెత్తి దాకా శరీరాన్ని ధ్యాసతో తడమడం, తేలికపాటి యోగాసనాలు. మతం మాట ఎత్తకుండా ఆసుపత్రి గోడల మధ్య ధ్యానానికి చోటు దొరికింది అలాగే. మన వైపు ఈ విపశ్యన ఇంకో దారిలో వచ్చింది. మాండలేలో పుట్టిన వ్యాపారి ఎస్.ఎన్. గోయెంకా తీవ్రమైన మైగ్రేన్‌తో 1955లో బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్‌గా పనిచేస్తున్న ఊ బా ఖిన్ అనే గురువు దగ్గరికి వెళ్ళాడు. తలనొప్పి కోసమైతే రావద్దని గురువు మొదట తిప్పి పంపాడు. 1969లో గోయెంకా భారతదేశంలో పదిరోజుల మౌన శిబిరాలు మొదలుపెట్టాడు. హైదరాబాద్ శివార్లలో నాగార్జునసాగర్ రోడ్డు మీద ఉన్న ధమ్మఖేత్త కేంద్రం ఆ సంప్రదాయంలోదే.

వైద్యంలో ధ్యానానికి దొరికిన గట్టి రుజువు నాకు తెలిసినంతలో కుంగుబాటు విషయంలోనిది. జాన్ టీస్‌డేల్, మార్క్ విలియమ్స్, జిండెల్ సీగల్ కబాట్-జిన్ శిక్షణను మానసిక చికిత్సతో కలిపి, కుంగుబాటు తగ్గి ప్రస్తుతం బాగున్న 145 మందిని పరీక్షించారు. 2000లో వచ్చిన ఫలితం ఇది. అంతకుముందు మూడు లేదా ఎక్కువసార్లు కుంగుబాటు వచ్చినవాళ్ళలో, మామూలు వైద్యం మాత్రమే పొందినవాళ్ళకు 66 శాతం మందికి తిరగబెట్టింది. శిక్షణ కూడా పొందినవాళ్ళలో 37 శాతం మందికే. రెండుసార్లే వచ్చినవాళ్ళకు మాత్రం మేలు కనబడలేదు. ఈ చివరి వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు, నాకు మాత్రం అదే విలువైనదిగా తోస్తుంది. పదే పదే కుంగిన మనసులో కాస్త దిగులు పుడితే చాలు, 'నేను పనికిరాను' అన్న పాత దారి దానంతట అదే తెరుచుకుంటుంది. శిక్షణ ఆ మాట తప్పని వాదించదు. అది వచ్చిందని, అది ఒక ఆలోచన అని, ఇప్పుడు ఛాతీలో బరువుగా ఉందని చూడటం నేర్పుతుంది. ఊపిరి దగ్గర యాభైసార్లు చేసిన పనే, ఇక్కడ ప్రాణాలు నిలబెట్టే చోట చేస్తున్నారు. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాల్లో 2004 నుంచి దీనికి చోటు ఉంది.

మిగతా చోట్ల ఫలితాలు మధ్యస్తంగానే ఉన్నాయి. జాన్స్ హాప్‌కిన్స్‌లో మాధవ్ గోయల్ బృందం 2014లో 47 పరీక్షలు, 3,515 మందిని కలిపి చూస్తే ఆందోళన, కుంగుబాటు, నొప్పి ఓ మోస్తరుగా తగ్గుతున్నాయని తేలింది. వ్యాయామం, మందులు, ఇతర చికిత్సల కంటే ధ్యానం మెరుగని చూపే ఆధారం దొరకలేదు. ఎనిమిది వారాల్లో మెదడు బూడిదరంగు పదార్థం పెరుగుతుందని 2011లో 16 మందికి ధ్యానం నేర్పి చేసిన పరీక్ష ఒకటి పేరు పొందింది. 2022లో విస్కాన్సిన్‌లో 218 మందితో చూస్తే ఆ మార్పు కనబడలేదు. మెదడు ఉబ్బనంత మాత్రాన ఏం పోయింది? రాత్రి పదకొండింటికి పాత మాటను నెమరేయడం ఆపి నిద్రపోగలగడమే చాలా ఇళ్ళలో పెద్ద మార్పు. ఇంకో మాట కూడా చెప్పాలి. జీతం సరిపోక, అధికారి వేధింపు పడలేక వచ్చిన అశాంతికి ధ్యానం మందని పని గంటలు తగ్గించకుండా తరగతులు పెట్టే సంస్థలున్నాయి. అది అన్యాయం. ధ్యాస కుదిరిన మనిషికి ఏది తన మనసులోని చిక్కో, ఏది బయటి అన్యాయమో ఇంకా బాగా తెలుస్తుంది. రెండోదాని మీద నోరు తెరిచి అడగాల్సిందే.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకు పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. కుర్చీలో కూర్చున్నా, చాప మీద కూర్చున్నా నడుము నిటారుగా, భుజాలు వదులుగా ఉంటే చాలు. ఊపిరి ఎక్కడ బాగా తెలుస్తోందో చూడండి, ముక్కు పుటాల దగ్గరా, పొట్ట దగ్గరా. దాన్ని మార్చకండి. పది నిమిషాలు చాలు, రోజూ అయితే మేలు. మిగతా సమయంలో ఏదైనా ఒక పనిని ఎంచుకుని ధ్యాసంతా దాని మీదే ఉంచండి. చిక్కుడుకాయ ఈనె తీస్తే వచ్చే పచ్చి వాసన, వేలికి తగిలే నూగు, అవతల కుక్కర్ కూత, ఆ కాసేపు అవే.

కొందరు జాగ్రత్తగా ఉండాలి. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో జారెడ్ లిండాల్, విల్లోబీ బ్రిటన్ సాధకులతో సుదీర్ఘంగా మాట్లాడి 2017లో రాసినదాంట్లో భయం, నిద్ర పట్టకపోవడం, తన ఒళ్ళు తనది కానట్టు అనిపించడం వంటి అనుభవాలు నమోదయ్యాయి. హింసకు గురైనవాళ్ళు, మనోవ్యాధికి మందులు వాడుతున్నవాళ్ళు దీర్ఘ మౌన శిబిరాలకు వెళ్ళే ముందు వైద్యులతో మాట్లాడాలి, మందులు సొంతంగా ఆపకూడదు. కూర్చున్నప్పుడు భయం ముంచుకొస్తే పళ్ళు బిగించి భరించనక్కర్లేదు. కళ్ళు తెరవండి. అరికాళ్ళ కింద నేల గట్టిగా తగులుతోందో లేదో చూడండి, గదిలో కనిపించే వస్తువుల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకోండి, లేచి నాలుగడుగులు నడవండి. ఊపిరి కంటే నడకలో ధ్యాస నిలపడమే కొంతమందికి బాగా కుదురుతుంది. వాళ్ళు రోజూ అదే చేసుకోవచ్చు.